చూడకుండా సంతకాలా?

ఇంటి మీద 10 కిలోవాట్ల లోపు సోలార్ పెట్టుకుంటే, లైను దాన్ని మోయగలదా అని చూసే సాంకేతిక అధ్యయనం అక్కర్లేదు, దరఖాస్తు పెట్టగానే ఆమోదం దక్కినట్టే. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో కేంద్రం చేసిన సవరణ ఇది. 3 కిలోవాట్లకు రూ.78,000 రాయితీ కూడా ఉండగా విశాఖ డాబాల మీద సోలార్ పలకలు పెరగకపోతేనే వింత. పెరగాలి కూడా. మా కోపమంతా చూడకుండా సంతకం పెట్టే అలవాటు మీదే.

10 కిలోవాట్లు చిన్నదే. మరి సుమారు 100 కిలోవాట్లు మోసే ఒకే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద అలాంటివి పది చేరితే? ఒక్కోదాన్నీ విడిగా చూస్తే దేనికీ అధ్యయనం అక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం ఆ పదీ కలిసే తగులుతాయి.

పలక ఇచ్చే డీసీని ఇన్వర్టర్ ముక్కలుగా కోసి ఏసీగా పేరుస్తుంది. ఎంత నున్నగా పేర్చినా 50 హెర్ట్జ్ తరంగంతో పాటు 150, 250, 350 హెర్ట్జ్‌ల చిల్లర లైన్లో పడుతుంది. హార్మోనిక్స్ అంటే అవే. ఇంటి మీటరు యూనిట్లు చూపిస్తుంది, వీటిని కాదు. సింగిల్ ఫేజ్ ఇళ్ల నుంచి వచ్చే మూడో హార్మోనిక్ మూడు ఫేజుల్లోనూ ఒకేసారి లేచి, రద్దు కాకుండా న్యూట్రల్‌లో, అంటే కరెంటు తిరిగివెళ్లే ఉమ్మడి తీగలో పోగవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ తీగచుట్టల్లో ఎడ్డీ నష్టాలు, అంటే లోహంలో తిరిగే సుడి ప్రవాహాలు వేడిగా తినేసే విద్యుత్తు, హార్మోనిక్ సంఖ్యకు వర్గం చొప్పున పెరుగుతాయి. అంటే ఐదో హార్మోనిక్ ఒక్క ఆంపియర్ చేసే ఆ ఎడ్డీ నష్టం మామూలు ఆంపియర్‌కు 25 రెట్లు. లోడు పెద్దగా లేకుండానే ఇది ఇలా కాగుతోందేమిటని లైన్‌మన్ తల గోక్కోవాల్సిందే.

విశాఖకు ఇంకో చిక్కుంది. హుద్‌హుద్ కొట్టిన దెబ్బకు నగరంలో చాలా తీగలు నేల కిందికి వెళ్లాయి. గాలి భయం తప్పింది, సంతోషం. కానీ భూగర్భ కేబుల్‌కు కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిల్వ పట్టే గుణం) ఎక్కువ. అది ట్రాన్స్‌ఫార్మర్ ఇండక్టెన్స్‌తో (ప్రవాహంలో మార్పును అడ్డుకునే గుణంతో) జతకడితే అనునాదం, అంటే తాళం కలిసి అల పెద్దదవడం, వచ్చే ఫ్రీక్వెన్సీ కిందికి దిగి, హార్మోనిక్స్ ఉన్న చోటికి దగ్గరవుతుంది. అక్కడ చిన్న అలకూ బలం వస్తుంది. స్తంభాల మీద తీగలున్న పల్లె ఫీడర్ లెక్క ఇక్కడ చెల్లదు.

ప్రతి ఇన్వర్టరూ ల్యాబ్ పరీక్ష నెగ్గిందేననీ, ఎల్‌ఈడీ బల్బులూ ఏసీలూ కూడా హార్మోనిక్స్ వదులుతాయనీ, వేర్వేరు ఇన్వర్టర్లవి కొంత ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయనీ అంటారు. నిజమే. ఎంత కొట్టేసుకున్నాయో కొలిచి చెప్పండి! పులుసులో పదిమంది తలో చిటికెడు ఉప్పు వేశాక, ఎవరి చిటికెడు వారు చూపించి తప్పించుకుంటే కుదరదు. రుచి చూసేదెవరు?

చూడమనే నిబంధన లేకపోలేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో తెచ్చి, 2019లో సవరించిన అనుసంధాన ప్రమాణాలు హార్మోనిక్స్‌ను ఏడాదికోసారైనా కొలవాలంటున్నాయి. పరిమితులకు ఐఈఈఈ అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ రాసిన 519వ ప్రమాణం ఆధారం. దాని లెక్కలో ఓ మధ్యాహ్నం ఎక్కి దిగి రాసుకున్న అంకెకు విలువ లేదు. పది నిమిషాల రీడింగులు వారం పాటు పోగుచేసి, వాటిలో 95 శాతం పరిమితిలో ఉన్నాయో లేదో చూడాలి. ఒక చేత్తో ఏటా కొలవమంటూ, రెండో చేత్తో అధ్యయనమే వద్దంటున్నారు. ఈ 10 కిలోవాట్ల మినహాయింపు రేపు 20 అవుతుంది, ఎల్లుండి 50. చూడకుండా ఇచ్చిన మొదటి ఆమోదమే తర్వాతి వాటన్నిటికీ నజీరు.

డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) అధికారులను మేం అడిగేది ఒక్కటే. ఎంవీపీ కాలనీలోనో, గాజువాకలోనో సోలార్ ఎక్కువున్న ట్రాన్స్‌ఫార్మర్లు నాలుగు ఎంచుకుని, ఒక్కోదానికీ హార్మోనిక్స్‌ను కొలిచే పవర్ క్వాలిటీ అనలైజర్ బిగించి వారం ఉంచండి. వచ్చిన అంకెలు జనం ముందు పెట్టండి. బిల్లు ఒక్కరోజు ఆలస్యమైతే గుమ్మంలోకి వచ్చే శాఖకు ఇది భారం కాదు. అది కూడా వీలు కాదంటే, కొలవడం మా వల్ల కాదని ఢిల్లీకి లేఖ రాసి ఆ మినహాయింపును వెనక్కి తీసుకోమనండి.