“నేను పెద్దగా సినిమాలు చూడనండీ, కానీ...”

తెలుగునాట సినిమా మీద పుట్టే అభిప్రాయాల్లో చాలావరకు ఈ వాక్యంతోనే కళ్లు తెరుస్తాయి. కామాకి ముందున్నది అర్హత, తర్వాతది అధికారం. ఏడాదికి రెండు సినిమాలు చూసే మనిషి యాభై రెండు శుక్రవారాల మీదా తీర్పు చెప్పడమంటే మాటలు కాదు. అయినా ఇంత గొప్ప విద్యకు ఇంతవరకు ఓ పద్ధతీ పాడూ లేదు. ఎవరికి తోచింది వాళ్లు అనేస్తున్నారు. కొందరైతే సినిమా చూసి మరీ అంటున్నారు. ఈ అరాచకం ముదరకముందే నాలుగు మాటలు చెప్పుకోవాలి.

అన్నిటికంటే ముందు, ‘నచ్చింది’, ‘నచ్చలేదు’ అనే మాటలు నాలుక మీదికి రానివ్వకూడదు. నచ్చిందంటే ఎదుటివాడు “ఏం నచ్చింది?” అంటాడు. అక్కడితో మన పని అయిపోయినట్టే. అదే “బీ, సీ సెంటర్లలో లాగేస్తుంది” అనండి (అంటే చిన్న ఊళ్లలో), కాదనే మొనగాడు లేడు. హైదరాబాద్ కొండాపూర్‌లో కాఫీ తాగుతూ పాలకొండ వాళ్లకి ఏది నచ్చుతుందో చెప్పేవాడిని ఖండించాలంటే పాలకొండ వెళ్లి రావాలి. “ఫ్యామిలీ ఆడియన్స్ రారండీ” కూడా ఇంతే గట్టి మాట. భార్యనీ ఇద్దరు పిల్లల్నీ అత్తగారినీ వెంటబెట్టుకొచ్చి, ఆ వరుసలోంచి లేస్తూనే అనవచ్చు.

అభిప్రాయానికి ముహూర్తం ముఖ్యం. వేసవి సినిమాకి డల్లాస్‌లో గురువారం సాయంత్రం ఆరింటికి ప్రీమియర్ పడితే మనకి శుక్రవారం తెల్లవారుజాము నాలుగున్నర. సంక్రాంతి సినిమాకైతే ఐదున్నర, ఎందుకంటే చలికాలంలో వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు. ఈ లెక్క మరిచిపోయి వేసవి అలారమే ఉంచేసుకున్నవాళ్లు, భోగిమంట వెయ్యడానికి తప్ప మరెందుకూ పనికిరాని వేళకి లేచి, టాక్ రాక, నిద్రా రాక అవస్థ పడతారు. అక్కడ ఇంటర్వెల్ కార్డు పడేసరికి ఇక్కడ పాల ప్యాకెట్లు వస్తాయి. “ఫస్టాఫ్ ఓకే, ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరింది” అన్న కబురు అందాక పళ్లు తోముకునేలోపే సగం అభిప్రాయం సిద్ధం. మిగతా సగం ఇడ్లీ వేళకి దిగుతుంది. మధ్యాహ్నం మ్యాట్నీకి వెళ్లేవాడు సినిమా చూడ్డానికి వెళ్లడు, అచ్చయిపోయిన ప్రశ్నపత్రానికి జవాబులు సరిచూసుకోవడానికి వెళతాడు.

ఇక లెక్కలు. మామూలు ప్రేక్షకుడు ఎక్కువగా తప్పులో కాలేసేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో, రేట్లు పెంచని మామూలు రోజున, 295 రూపాయల టికెట్ తీసుకోండి. 2021 చివర్లో తెలంగాణ ప్రభుత్వం గరిష్ఠంగా 250, ఆపైన జీఎస్టీ అంది. 250కి 18 శాతమంటే 45. వెరసి 295. పోస్టర్ మీద మెరిసేది ఈ పూర్తి సొమ్ము, దాన్నే గ్రాస్ అంటారు. 45 తీసేస్తే నెట్. మొదటి వారం అందులో ఇంచుమించు సగం థియేటర్ దగ్గరే ఆగుతుంది. మిగిలిన 125, అటో ఇటో, షేర్. అంటే పోస్టర్ మీద వంద కోట్లు కనబడితే చేతికొచ్చేది నలభై చిల్లర. సింగిల్ స్క్రీన్లలో అద్దెల పద్ధతి ఉంటుంది, దాని గొడవ దానిది. 2025 వేసవిలో అద్దె వద్దు, వసూళ్లలో పర్సంటేజీ కావాలంటూ ఎగ్జిబిటర్లు జూన్ 1 నుంచి థియేటర్లు మూస్తామని కూర్చున్నారు. మూయలేదు. ఆ వారంపాటు థియేటర్ గుమ్మం తొక్కి ఏడాదైనవాళ్లు కూడా పర్సంటేజీ విధానంలోని సాధకబాధకాల మీద అనర్గళంగా మాట్లాడారు.

గొడవ ఎక్కడొస్తుందంటే, మన హీరోకి గ్రాస్ చెప్పి, అవతలి హీరోకి షేర్ చెబుతాం. అవతలివాళ్లూ అదే పని చేస్తారు. ఇద్దరూ నిజమే చెబుతారు, అందుకే అది ఎప్పటికీ తెగదు. ఏరియాల పేర్లు కూడా తడబడకుండా అనాలి: నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. 1800లో నిజాం నవాబు ఇంగ్లీషువాళ్లకి ధారపోసిన జిల్లాలు కాబట్టి సీడెడ్‌కి ఆ పేరొచ్చింది. ఆ పేరు బాగాలేదని 1928లో నంద్యాల సభలో ‘రాయలసీమ’ అని మార్చుకున్నారు. నైజాం సంగతి 1948లోనే ముగిసింది. అయినా శుక్రవారం కలెక్షన్ల పట్టికలో నిజాం రాజ్యమూ కంపెనీ దొరల జమానా ఈనాటికీ నిక్షేపంగా నడుస్తున్నాయి.

బయ్యర్లంటే ఏరియాలవారీగా సినిమా హక్కులు కొనుక్కునేవాళ్లు. “బయ్యర్లు పోయారండీ పాపం!” అన్నమాట కళ్లు చెమ్మగిల్లేలా అనడం నేర్చుకోవాలి. తన జేబులోంచి పోయిన 295, ఆన్‌లైన్‌లో కొన్న పాపానికి పడిన ముప్పై నలభై, పాప్‌కార్న్ టబ్బుకి టికెట్‌ని మించి పెట్టిన డబ్బు గురించి పల్లెత్తు మాట అనకుండా, ముఖపరిచయం లేని బయ్యర్ కోసం ఇంత కుమిలిపోయే జాతి మరొకటి ఉండదు.

టికెట్ ధరకీ అభిప్రాయానికీ ఉన్న సంబంధాన్ని ఎవరూ సరిగా పట్టించుకోలేదు. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో ప్రకారం పల్లెటూరి నాన్ ఏసీ థియేటర్‌లో నేల టికెట్ 5 రూపాయలు. 2025 సెప్టెంబర్‌లో అదే రాష్ట్రంలో ఓ పెద్ద సినిమా బెనిఫిట్ షోకి సర్కారు ఒప్పుకున్న ధర 1000. నాలుగున్నరేళ్లలో రెండు వందల రెట్లు! బెనిఫిట్ షో అన్నారు గానీ బెనిఫిట్ ఎవరికో పేరులో చెప్పలేదు. వెయ్యి పెట్టి అర్ధరాత్రి చూసినవాడు సినిమా బాగాలేదని అనలేడు. అంటే రెండు నష్టాలు, డబ్బూ పోతుంది, తెలివీ పోతుంది. కాబట్టి కనీసం ఆదివారం దాకా ఆ సినిమా ‘మాస్ జాతర’. సోమవారం నుంచి మెల్లగా “ఫ్యాన్స్‌కి మాత్రమే” అని దిగిరావచ్చు. 5 రూపాయలకి చూసినవాడికి ఈ ఇబ్బంది లేదు. వాడు విరామంలోనే నిజం చెప్పేస్తాడు, వాడి మాట ఎవరూ రాసుకోరు.

సాంకేతిక విభాగంలో అభిప్రాయం చెప్పడం మరీ సులువు. థియేటర్ చేసిన తప్పులన్నీ సినిమా తీసినవాళ్ల ఖాతాలో వేస్తే సరి. “బీజీఎం చెవులు చిల్లులు పడేలా వాయించాడు, డైలాగులు ఒక్కటీ వినపడలేదు” అంటాం కదా. బీజీఎం అంటే నేపథ్య సంగీతం. మాటలు ప్రధానంగా తెర వెనక నడిమి స్పీకర్ నుంచి వస్తాయి. అది నీరసించిందంటే మాట గొణుగుడైపోతుంది, పక్క స్పీకర్లు మాత్రం హోరెత్తిస్తాయి. దానికి తోడు ఫేడర్, అంటే శబ్దాన్ని పెంచే, తగ్గించే మీట. మిక్సింగ్ స్టూడియోలో సౌండ్ ప్రాసెసర్ ఫేడర్ 7 దగ్గర పెట్టి శబ్దం సరిచూస్తారు. థియేటర్‌లో ఎవరో పెద్దమనిషి “చెవులు పోతున్నాయయ్యా” అనగానే మేనేజర్ దాన్ని అయిదుకో నాలుగున్నరకో దించుతాడు. దాంతో ఫైటు సరిపోతుంది, మాట మునిగిపోతుంది. ఎలాగూ తగ్గిస్తారని తెలిసి స్టూడియోవాళ్లు ఇంకాస్త పెంచి పంపుతారు. పెంచారని తెలిసి మేనేజర్ ఇంకాస్త దించుతాడు. ఈ తాడులాగుడులో నలిగిపోయేది మాటల రచయిత. ఆయనకి అభిప్రాయంలో దక్కేది “డైలాగులు పేలలేదు”.

నిజంగా వినాలనుకునే బలహీనులు ఎవరైనా ఉంటే, హాలు పొడవులో మూడింట రెండు వంతుల దూరంలో, నడిమధ్యన కూర్చోవాలి. పదిహేను వరుసలుంటే పదోది. మిక్సింగ్ చేసేవాళ్లు సరిచూసుకునేది ఇంచుమించు అలాంటి చోటి నుంచే. వెనకాఖరి రిక్లైనర్‌కి రేటెక్కువ, దాని నెత్తి మీదే వెనక స్పీకర్ ఉంటుంది. కథానాయిక కన్నీళ్లు ముందు నుంచీ కాకుల అరుపు వీపు మీద నుంచీ వినబడితే సౌండ్ డిజైనర్‌ని తిట్టడం ఆనవాయితీ.

“అంతా చీకట్లో తీశాడండీ” కూడా ఇదే కోవ. తెర మీద వెలుగుకి ప్రమాణం 14 ఫుట్‌లాంబర్టులు. ప్రొజెక్టర్‌లో దీపం ముసలిదైతే అంత రాదు. త్రీడీ అద్దాలు పెట్టుకుంటే అందులోనూ సగానికి పైగా మాయం. ఏమైనా నింద ఛాయాగ్రాహకుడికే. ఇంతకంటే వివరం అక్కర్లేదు.

‘ల్యాగ్’, అంటే సాగదీత, దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. అభిప్రాయశాస్త్రంలో ఇంత బరువైన మాట ఇంకొకటి లేదు. ‘మాయాబజార్’ నిడివి 184 నిమిషాలు. ‘ఆర్ఆర్ఆర్’ 182. ‘పుష్ప 2’ 3 గంటల 20 నిమిషాలు, అది చాలదన్నట్టు 2025 జనవరిలో మరో 20 నిమిషాలు కలిపి వదిలితే జనం మళ్లీ వెళ్లారు. కాబట్టి ల్యాగ్‌కీ నిడివికీ చుట్టరికం లేదు. మరి దేనితో? టికెట్ మీది వేళకీ సెన్సార్ సర్టిఫికెట్ కనబడే వేళకీ మధ్య నగల దుకాణాలు, అపార్టుమెంట్లు, పొగాకు వద్దనే ప్రకటన, వచ్చే ఏడాది సినిమాల ట్రైలర్లు కలిసి పావుగంట మింగేస్తాయి. తర్వాత ఇంటర్వెల్‌లో క్యూలో నిలబడి అర లీటరు కూల్‌డ్రింకు పుచ్చుకుంటాం. అది తన పని మొదలుపెట్టేది సరిగ్గా ప్రీక్లైమాక్స్ దగ్గర. తెర మీద తండ్రి మంచం మీద పడి కొడుక్కి గతం చెప్పే ఘట్టం అదే. లేచి వెళితే పది మంది మోకాళ్లు దాటాలి, కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ నిమిషంలో మనిషికి కలిగే అనుభూతినే సెకండాఫ్ ల్యాగ్ అంటారు. “పదిహేను నిమిషాలు ట్రిమ్ చేసుంటే” అన్న సలహా ఎడిటర్‌కి ఇచ్చేది మనిషి కాదు, మూత్రాశయం. సమోసాతో సరిపెట్టుకున్నవాళ్లకి అదే ఘట్టం ‘ఎమోషనల్‌గా కనెక్ట్’ అవుతుంది.

రేటింగ్ ఇవ్వాలంటే ఐదుకి ఇవ్వాలి గానీ, ఐదు ఉందని మరిచిపోవాలి. వాడుకలో ఉన్నది రెండుంబావు నుంచి మూడుంబావు దాకానే. రెండున్నర అంటే బాగాలేదని, రెండుముప్పావు అంటే బాగాలేదుగానీ హీరో పెద్దవాడని, మూడంటే బాగుందని, మూడుంబావు అంటే నిర్మాతకి పోస్టర్ మీద వేసుకోవడానికి పనికొస్తుందని అర్థం. ఈ పావు తేడా కోసం మనుషులు స్నేహాలు వదులుకున్నారు.

బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర మైకులుంటాయి. హైదరాబాద్ ప్రసాద్స్ ముందైతే శుక్రవారం ఉదయం మైకు తగలకుండా పార్కింగ్ చేరడం కష్టం. అక్కడ పది సెకన్లకి మించి సమయం దొరకదు. “సినిమా బాగుంది” అంటే పనికిరాదు, తీసేస్తారు. మొదటి ముక్కలోనే చొక్కా చించుకోవాలి, లేదా డబ్బు వాపసు అడగాలి. మధ్యేమార్గం చెప్పినవాడు వీడియోలో కనపడడు. ఒకవేళ పక్కనున్న బామ్మగారు మైకు లాక్కుని “ఆ పిల్ల ఆఖరికి పుట్టింటికొచ్చిందిరా నాయనా, అప్పుడు కుదుటపడింది నా ప్రాణం” అందనుకోండి, అది అభిప్రాయం కిందికి రాదు. అందులో షేర్ లేదు, బీజీఎం లేదు, ఓవర్సీస్ లేదు.

ఇంత చేసినా పదవి పదిలం కాదు, ఓటీటీ గండం ఉంది. సినిమాలు ఎనిమిది వారాల దాకా ఓటీటీకి ఇవ్వకూడదని 2022లో నిర్మాతలు తీర్మానం చేసుకున్నారు. నాలుగు వారాలకే వస్తున్నాయి. థియేటర్‌కి వెళ్లనివాళ్లు ఆ రాత్రి గిన్నెలు తోముతూ, ఒకటిన్నర వేగంతో, మధ్యలో రెండు ఫోన్లు మాట్లాడుతూ చూస్తారు. హిట్టయిన సినిమా అయితే “ఇందులో ఏముందని ఎగబడ్డారో!” అనాలి. పోయిన సినిమా అయితే గొంతు గద్గదమవ్వాలి: “ఇంత మంచి సినిమాని మనవాళ్లు ఎందుకు ఆడించలేదండీ? అదే మలయాళంలో వచ్చుంటే...” ‘మనవాళ్లు’ అన్నమాట జాగ్రత్తగా గమనించండి. అందులో మాట్లాడేవారు ఉండరు. ఆ శుక్రవారం ఆయన ఇంట్లోనే ఉన్నారు, టాక్ చూసి టికెట్ తీసుకోలేదు. ఆ టాక్ రాసినాయన కూడా ఇంట్లోనే ఉన్నాడు.

ఈ పూట కొత్త ట్రైలర్ వచ్చింది. నిడివి 2 నిమిషాల 40 సెకన్లు. థియేటర్‌కి వెళ్లే డిజిటల్ ప్రింటు సెకనుకి 250 మెగాబిట్ల దాకా మోస్తుంది. ఫోన్లోకి దిగేది అందులో పిసరంత. ఆరంగుళాల తెర, సగం బ్రైట్‌నెస్, బస్సులో కిటికీ పక్క సీటు, మీద ఎండ.

వీఎఫ్ఎక్స్ తేలిపోయిందండీ.