కుమారస్వామి పక్షాన ఒక విన్నపం

వినాయక చవితి నాడు అక్షింతలు చేతిలో పట్టుకుని ప్రతి ఇంట్లో వినే కథే. ముల్లోకాల్లోని పుణ్యనదులన్నిటిలో మునిగి ఎవరు ముందు తిరిగొస్తే వాళ్లకే గణాధిపత్యం అన్నారు. కుమారస్వామి నెమలెక్కి బయల్దేరాడు. అన్నగారు అమ్మానాన్నల చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి ఊరుకున్నాడు. పాపం తమ్ముడు ఏ నదికి వెళ్లినా అన్న అప్పటికే స్నానం ముగించి ఎదురొస్తున్నాడు. కథ అయ్యాక అందరూ అన్నగారి తెలివిని మెచ్చుకుంటూ ఉండ్రాళ్ల మీద పడతారు. ఆ నెమలికి పట్టిన ఆయాసం గురించి ఇన్ని తరాల్లో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

కంప్యూటర్లో ఫైళ్లు దాచే హార్డ్ డిస్కు విషయంలో లోకం చేస్తున్నదీ అదే. డెస్క్‌టాప్‌లో ఉండే మూడున్నర అంగుళాల డిస్కు నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. సెకనుకు 120. చిలుకూరు బాలాజీ గుళ్లో మొక్కు తీర్చుకునేవాళ్లు 108 ప్రదక్షిణలకు లెక్క తప్పకుండా కార్డు మీద టిక్కులు పెట్టుకుంటూ తిరుగుతారు. ఇది సెకను తిరక్కుండా అంతకు పన్నెండు ఎక్కువే చేసి మళ్లీ మొదలెడుతుంది. ల్యాప్‌టాప్‌లోని చిన్నదానికి సాధారణంగా నిమిషానికి 5,400, అంటే సెకనుకు 90. బ్యాటరీ మీద బతికే ప్రాణి కాబట్టి ఆ మినహాయింపు. మరి దాని స్థానంలోకి వచ్చిన, చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ? కదలదు, మెదలదు, కూర్చున్న చోటే కూర్చుని ఫలం కొట్టేస్తుంది. శ్రమను గౌరవించేవాళ్లం అని చెప్పుకునే మనం ఎవరి పక్షాన నిలబడాలి?

హార్డ్ డిస్కు వెనకబడింది సోమరితనం వల్ల కాదు, ప్రయాణం వల్ల. కావలసిన ట్రాకు, అంటే డేటా రాసి ఉన్న వలయం దగ్గరికి దాని చెయ్యి జరగడానికి సుమారు 9 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క తిరుగుతూ తిరుగుతూ చదివే హెడ్డు కిందికి వచ్చేదాకా సగటున అర చుట్టు, 4.2 మిల్లీసెకన్లు. వెరసి ఒక్కో నదికి, అంటే ఒక్కో ముక్కకు, 13. సెకనుకు డెబ్బై అయిదో ఎనభయ్యో నదులు, అంతకు మించి నెమలి వల్ల కాదు. ఒకటే పెద్ద సినిమా ఫైలైతే గంగ ఒడ్డున నడుచుకుంటూ పోయినట్టు సెకనుకు 150, 200 ఎంబీ హాయిగా లాగేస్తుంది. విండోస్ లేచేటప్పుడు అలా కుదరదు. ఇక్కడో ముక్క, అక్కడో ముక్క, వేల సంఖ్యలో. పదివేలనుకుంటే రెండు నిమిషాల పైమాట. ఎస్‌ఎస్‌డీకి ముక్కకు మిల్లీసెకనులో పదో వంతు. ఒకదాని తర్వాత ఒకటి అడిగినా పదివేలూ ఒక్క సెకను. అట్టపెట్టె మీద సెకనుకు ఇన్ని ఎంబీలని పెద్దక్షరాలతో అచ్చేసే 550, 3,500, 7,000 అంకెలన్నీ గంగ ఒడ్డు నడక గురించినవి. మనిషికి తేడా తెలిసేది నదుల లెక్కలో.

అయితే ఆ రెండు నిమిషాలు మనకెంత చేశాయో ఎవరైనా ఆలోచించారా? పొద్దున బటన్ నొక్కి టీకి వెళ్లడం, పక్క సీటాయన కూతురి సంబంధం ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడం, తిరిగొచ్చేసరికి ఇంకా తిరుగుతున్న చుక్కల్ని చూసి నిట్టూర్చడం. ఆఫీసనే వ్యవస్థ ఈ నిట్టూర్పు మీదే నిలబడింది. "సిస్టమ్ స్లోగా ఉందండీ, లంచ్ తర్వాత రండి" అనే వాక్యంలో అబద్ధం లేదు, అమర్యాద లేదు, బాధ్యత అసలే లేదు. ఎస్‌ఎస్‌డీ వేసిన మర్నాటి నుంచి పదిహేను సెకన్లలో డెస్క్‌టాప్ ప్రత్యక్షమైపోతుంది. కుర్చీ ముందుకు లాక్కునేలోపే పని మీద పడాలి. ఇక ఉద్యోగికి మిగిలే ఏకైక ఆసరా "సర్వర్ డౌన్". అది తన చేతిలో ఉండేది కాదు.

ఫార్మాట్ కొట్టే వృత్తి గతేమిటన్నది ఇంకో ప్రశ్న. ఏడెనిమిదేళ్ల ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తుంటే మనం పాటించే క్రమం ఒకటుంది. మొదట యాంటీవైరస్ అనే తాయెత్తు. తర్వాత ఫార్మాట్ అనే శాంతిహోమం, ఆర్నెల్లకోసారి. అప్పటికీ గ్రహాలు అనుకూలించకపోతే కొత్త ల్యాప్‌టాప్. ఈ మధ్యలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి చూడటం మాత్రం శాస్త్రంలో లేదు. చూస్తే ప్రాసెసర్ ఎనిమిది శాతం దగ్గర కునికిపాట్లు పడుతుంటుంది, డిస్కు వంద శాతం దగ్గర రొప్పుతుంటుంది. అంటే ఇన్నాళ్లూ తాయెత్తు కట్టింది నెమలికి కాకుండా పక్కింటి కోడికి.

చూశాక కూడా ఆగడం మంచిది. వంద శాతం అంటే నెమ్మది అనే కాదు, చావుకు దగ్గరపడటం కూడా కావచ్చు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాంలో 05, సీ5, సీ6 అనే మూడు వరుసలు చూడాలి. చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్కు మీది చిన్న చిన్న ముక్కలు), చదవలేక నానబెట్టినవి, ఆశ వదులుకున్నవి. ఇవి రోజురోజుకీ పెరుగుతుంటే ముందు ఫొటోలు, కాగితాలు వేరే చోటికి ఎత్తాలి. మిగతా వైద్యం తర్వాత. పెరిగింది సీ7 ఒక్కటే అయితే తప్పు చాలాసార్లు డిస్కుది కాదు, కేబులుది. ర్యామ్ 4 జీబీయే ఉంటే దాన్ని 8 చేయించకుండా ఎస్‌ఎస్‌డీ మీద భారమంతా వేయడం కూడా న్యాయం కాదు.

ఇక కొనుగోలు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో మెట్లెక్కుతూ దిగుతూ నాలుగు షాపుల్లో ధర అడగడం మనకు వచ్చు. మన ల్యాప్‌టాప్‌లో ఏ స్లాటుందో అడిగితే మాత్రం నీళ్లు నములుతాం. పాత డిస్కు రెండున్నర అంగుళాల సాటా (డ్రైవును కలిపే పాత తరహా కనెక్షన్) అయితే ఎస్‌ఎస్‌డీ కూడా అదే ఆకారంలో దొరుకుతుంది. కొత్తది 7 మిల్లీమీటర్ల మందం, పాతది 9.5 అయితే లోపల గడగడలాడకుండా ప్లాస్టిక్ ఫ్రేము పెట్టాలి. చూయింగ్ గమ్ ముక్కలా ఉండే ఎం.2 అయితే చిక్కు ఎక్కువ. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. ఆకారం ఒకటే అయినా కొన్ని సాటా భాష మాట్లాడతాయి, కొన్ని అంతకన్నా వేగమైన ఎన్‌వీఎంఈ. సాటా ఒక్కటే తెలిసిన స్లాటులో ఎన్‌వీఎంఈ పెడితే, అది చక్కగా కూర్చుంటే కూర్చోవచ్చు గానీ కంప్యూటరు లేవగానే పరికరాల్ని గుర్తుపట్టే బయోస్‌లో కనబడదు. జాతకాలు చూడకుండా ముహూర్తం పెట్టుకున్నట్టు. పైగా దాన్ని బిగించే స్క్రూ మినప్పప్పు గింజంత ఉంటుంది, డబ్బాలో చాలాసార్లు రాదు, కింద పడితే దొరకదు.

పాత ల్యాప్‌టాప్‌లో సాటా రెండో తరం పోర్టు ఉంటే కొత్త డ్రైవు సగం వేగమే ఇస్తుందని షాపులో విచారం వ్యక్తం చేస్తారు. సెకనుకు 550 ఎంబీ బదులు 270 వస్తుంది, నిజమే. అయినా నదుల లెక్క దాదాపు మారదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు. అటు ఇంకొకాయన సెకనుకు 7,000 ఎంబీ డ్రైవు కొని పీసీఐఈ (ఎన్‌వీఎంఈ డ్రైవులు నడిచే దారి) మూడో తరం స్లాటులో పెట్టి 3,500తో సరిపెట్టుకుని, దాని మీద హాజరు పట్టిక ఎక్సెల్ ఫైలు తెరుస్తుంటాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. పిచ్చుక కూడా ఎగిరిపోయింది.

పాతదాన్ని యథాతథంగా కొత్తదాంట్లోకి దించుకోవాలంటే ముందు డిస్కుకు తాళం వేసే విండోస్ ఏర్పాటైన బిట్‌లాకర్ రికవరీ కీ, ఆ 48 అంకెలూ, కాగితం మీద రాసుకోవాలి. చాలా ల్యాప్‌టాపుల్లో అది ఆన్ అయి ఉన్నట్టు యజమానికి కూడా తెలియదు. అందుకే క్లోన్ చేసేముందు దాన్ని పూర్తిగా తీసేయడమే తలనొప్పి లేని దారి. ఇందుకు పనికొచ్చే క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రాం ఉచితం, కానీ మామూలుగా పెద్ద డిస్కును చిన్నదాంట్లోకి దించదు. 1 టీబీ నుంచి 500 జీబీకి మారేవాళ్లు ముందే పార్టిషన్లను, అంటే డిస్కు మీది విభాగాలను, కుదించుకోవాలి. కొత్తగానే విండోస్ వేస్తున్నప్పుడు ఇన్‌స్టాలర్‌లో డ్రైవు కనబడకపోతే షాపుకు పరిగెత్తక్కర్లేదు. ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవరు పెన్‌డ్రైవులో వేసి చూపిస్తే చాలాసార్లు కనబడుతుంది. 1 టీబీ కొంటే 931 జీబీయే ఉందని కొట్లాటకు కూడా వెళ్లొద్దు. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1,024తో. ఇది గజాలకూ అంకణాలకూ ఉన్న తేడా లాంటిది, స్థలం అదే.

విందు భోజనాల మర్యాద తెలిసినవాళ్లకు చవక ఎస్‌ఎస్‌డీ గుట్టు సులువుగా బోధపడుతుంది. టీఎల్‌సీ రకం చిప్పులో ఒక్కో మెమరీ గదికి మూడు బిట్లు, క్యూఎల్‌సీ రకంలో నాలుగు. నాలుగంటే ఒక్కో గదిలో 16 మట్టాల ఛార్జిని వేరుచేసి గుర్తుపట్టాలి, కాబట్టి రాత నెమ్మది. ఆ నెమ్మది బయటపడకుండా కొంత భాగాన్ని గదికి ఒకే బిట్టుతో నడుపుతారు. మొదటి బంతికి నెయ్యి, గడ్డపెరుగు, బూరెలు. పది ఇరవై జీబీలు ఎక్కించి చూసే అతిథికి అమోఘం. రెండొందల జీబీల పెళ్లి వీడియో ఎక్కించేవాడు నాలుగో బంతి. నెయ్యి అయిపోయింది, సాంబారులో నీళ్లు పోశారు, వేగం హార్డ్ డిస్కు కన్నా కిందికి జారిపోతుంది. డ్రైవు నిండేకొద్దీ మొదటి బంతి కూడా చిన్నదవుతుంది, అందుకే పదీ పదిహేను శాతం ఖాళీగా ఉంచమనేది.

మా పక్షంలోనూ కల్తీ ఉందని ఒప్పుకోవాలి. ఎస్‌ఎంఆర్ రకం హార్డ్ డిస్కులో ట్రాకుల్ని పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి వాల్చి పేరుస్తారు. స్థలం కలిసొస్తుంది. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే మాత్రం దాని మీదవన్నీ లేపి మళ్లీ పేర్చాలి. ఒక్కసారి రాసి దాచుకునేవాటికి ఇబ్బంది లేదు; నాలుగు డిస్కులు కలిపి నెట్‌వర్కు మీద అందరికీ నిల్వ ఇచ్చే నాస్ పెట్టెలో ఒకటి పోయి కొత్తది పెట్టినప్పుడు రోజుల తరబడి పెంకులే. నాస్ కోసమని అమ్మిన కొన్ని డిస్కులు ఇలాంటివేనని 2020లో బయటపడి పెద్ద గొడవైంది. కొనేముందు మోడల్ నంబరు పట్టుకుని ట్రాకులు విడివిడిగా ఉండే సీఎంఆరా, ఎస్‌ఎంఆరా చూసుకోవాలి. వెయ్యీ రెండు వేలకే 16 టీబీ ఎస్‌ఎస్‌డీ అమ్మేవాడిది మాత్రం ఈ రెండు పక్షాల్లోనూ కాదు, గారడీ పక్షం. పెట్టె విప్పితే లోపల చిన్న మెమరీ కార్డు ఉంటుంది. నిండాక పాతవాటి మీదే రాసుకుంటూ పోతూ అన్నీ ఉన్నట్టు జాబితా చూపిస్తుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాంతో మొత్తం నింపి తిరిగి చదివిస్తే బండారం తేలుతుంది.

ఓడిపోయాడన్న మాటే గానీ కుమారస్వామి దేవసేనానిగా ఉండనే ఉన్నాడు. కాపలా అతని శాఖ. సీసీ కెమెరాల లెక్క చూడండి: ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపితే రోజుకు 43 జీబీ. నాలుగు కెమెరాలకు 173. నెల రోజులు దాచాలంటే 5 టీబీ పైచిలుకు, అంటే 6 టీబీ డిస్కు. ఇక్కడంతా గంగ ఒడ్డు నడకే, నదుల మధ్య పరుగుల్లేవు. కాపలా కోసమే చేసే హార్డ్ డిస్కు చాలు. అంత స్థలం ఎస్‌ఎస్‌డీలో కొనాలనుకున్నవాడు ఆ కెమెరాలు ముందు తన పర్సు మీద పెట్టుకోవాలి. ఎస్‌ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందని మా పక్షంవాళ్లు చేసే ప్రచారం మటుకు నిలవదు. 1 టీబీ టీఎల్‌సీ డ్రైవుకు 600 టీబీ దాకా రాయొచ్చని రాసిస్తుంటారు. రోజుకు 50 జీబీ రాసినా అది ముప్ఫై రెండేళ్ల పైమాట. అంతకాలం ఒకే ల్యాప్‌టాప్ వాడే నిష్ఠ మన దగ్గర ఎవరికుంది?

మరణంలో మాత్రం మా పక్షమే సంప్రదాయబద్ధం. హార్డ్ డిస్కు ఎక్కువసార్లు చెప్పే పోతుంది. మూలుగుతుంది, టక్ టక్ మంటుంది, ఫైలు తెరవడానికి అయిదు నిమిషాలు తీసుకుంటుంది. బంధువుల్ని పిలిపించుకునే వ్యవధి ఇస్తుంది. పోయాక కూడా ప్లేట్ల మీద ఉన్నది డబ్బు పెడితే కొంతైనా తీసే ల్యాబులున్నాయి. ఎస్‌ఎస్‌డీ రాత్రి బాగానే ఉంటుంది, పొద్దున బయోస్‌లో పేరుండదు. పొరపాటున తుడిచేసినవి కూడా ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల కాసేపట్లోనే నిజంగా పోతాయి. కరెంటు లేకుండా దాచి ఉంచడం ఇంకో సంగతి. రాతల కోటా అయిపోయిన ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల వద్ద ఏడాది పాటు డేటా నిలపాలన్నది చిప్పులకు ప్రమాణాలు రాసే సంస్థ జెడెక్ పెట్టిన ప్రమాణం. కొత్తదైతే అంతకన్నా బాగా ఎక్కువే నిలుస్తుంది. వేడి పెరిగేకొద్దీ గడువు తగ్గుతుంది, ఆ ప్రమాణం రాసినవాళ్లు రెంటచింతలలో మే నెల గడిపినట్టు లేదు.

అందువల్ల మన ఇళ్లలో పాటిస్తున్న పద్ధతికి మా పక్షం పూర్తి మద్దతు ప్రకటిస్తోంది. విండోస్‌కు నెమలి, బీరువాకు ఎస్‌ఎస్‌డీ. రోజూ తెరిచేవన్నీ పాత డిస్కు మీద రొప్పుతూ ఉండాలి. పెళ్లి వీడియో, ఫొటోలు ఉన్న ఒక్కగానొక్క కాపీని ఫొటోగ్రాఫరు ఇచ్చిన చిన్న పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీలోనే ఉంచి, పట్టుచీర మడతలో పెట్టి, పక్కన రెండు కలరా ఉండలు వేసి, తాళం తిప్పాలి. రెండో కాపీ అపశకునం. పదిహేనేళ్ల తర్వాత షష్టిపూర్తి నాడు బంధువులంతా టీవీ ముందు కూర్చున్నాక దాన్ని బయటికి తీసి గుచ్చాలి. డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని కంప్యూటరు ఎంతో మర్యాదగా అడుగుతుంది. వెనక సోఫాలోంచి ఓ బాబాయి, "అడుగుతోంది కదమ్మా, ఓకే కొట్టెయ్" అంటాడు.