గోడ కట్టింది ఎవరి కోసం?

విజయవాడలో కృష్ణా నది ఒడ్డునున్న కృష్ణలంక సందుల్లో ఈమధ్య ఒకటే మాట వినపడుతోంది. ఫలానావాళ్లు ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారంట. ఆ మాట పుట్టిన నెలా రెండు నెలల్లో అద్దెకున్నవాళ్ల సామాను ట్రాలీ ఆటో ఎక్కుతుంది. పెంకుటిల్లు నేలమట్టమవుతుంది, చుట్టూ రేకులు లేస్తాయి, రేకుల మీద ఫ్లెక్సీ వెలుస్తుంది: రివర్ వ్యూ ఫ్లాట్లు. ఏ నది పేరు చెబితే ఈ పేటకు పిల్లనివ్వడానికి జనం వెనకాడేవారో, ఇప్పుడు ఆ నది పేరే చెప్పి గజం రేటు పెంచుతున్నారు.

ఇదంతా నది వరద పేటలోకి రాకుండా కట్టిన రిటైనింగ్ వాల్ చలవ. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఈ లంక ఎలా ఉందో ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. 2019, 2020ల్లోనూ లోతట్టు వీధులవాళ్లు మూటా ముల్లె సర్దుకుని పునరావాస కేంద్రాల్లో పడుకున్నారు. ఆ తర్వాత గోడ పూర్తయింది. 2024 సెప్టెంబరులో 70 గేట్లూ ఎత్తి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలినా కృష్ణలంక నిలబడింది. ఆ వారమే గోడ మేం కట్టామంటే మేం కట్టామని రెండు పార్టీలూ జుట్లు పట్టుకున్నాయి. రెండు ప్రభుత్వాల హయాంలో విడతలుగా కట్టిన గోడ అది. ఘనత ఎవరు పంచుకున్నా మాకు పేచీ లేదు. మా ప్రశ్న వేరు. ఆ గోడ కట్టింది ఎవరి కోసం?

ముంపు బాధితుల కోసమని ప్రతి శంకుస్థాపనలోనూ చెప్పారు. ప్రజల డబ్బు ఖర్చుపెట్టింది ఆ పేరు మీదే. ఇప్పుడు ఆ ముంపు బాధితుడే గోడ పక్కన ఉండలేని పరిస్థితి వస్తుంటే ఒక్కరూ నోరు మెదపరు.

రాణిగారితోట వైపు రెండు గదుల వాటా ఒకటి చూశాం. ఇంటి గోడకు ఛాతీ ఎత్తున నీటి చార ఉంది. ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ చార మళ్లీ తేలుతుంది. మంచం కోళ్ల కింద ఇప్పటికీ రెండేసి ఇటుకలు. రేషన్ కార్డు, ఆధార్, పిల్లల టీసీలు ఒక పాలిథిన్ కవర్లో కట్టి అటక మీద మేకుకు తగిలించారు, నీళ్లొస్తే ముందు అందుకోవడానికి. ఆ ఇల్లాలు లబ్బీపేటలో రెండు అపార్టుమెంట్లలో పనిచేస్తుంది. భర్త బస్టాండులో బరువులు మోస్తాడు. ఇద్దరూ నడిచే వెళ్తారు, ఆ కాలినడకే వాళ్ల ఆస్తి. వరదలన్నీ ఆ ఇంట్లోనే కాసిన ఆ కుటుంబాన్ని, గోడ వచ్చి వరద భయం పోయాక ఖాళీ చేయమన్నారు. ఊరి చివర జక్కంపూడి వైపో నున్న వైపో పోవాలి. అక్కడి నుంచి తెల్లవారుజామున పనికి రావాలంటే ఆటోకే సగం కూలి పోతుంది.

ఇంటి యజమాని కూడా దుర్మార్గుడేం కాదు. ఉన్నదే కొద్ది గజాల స్థలం, అందులో అన్నదమ్ముల వాటాలు. బిల్డరు వచ్చి చెరో ఫ్లాటు ఇస్తానంటే కాదనే స్తోమత ఎవరికుంది? మేం తప్పుపట్టేది ఆయన్ని కాదు.

ఒక పేట రంగు మారే తీరు ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. ముందు చవక అద్దె కోసం కుర్రాళ్లు వస్తారు. వాళ్ల వెనక టీ కొట్లు వస్తాయి. సాయంత్రం గోడ మీద కూర్చుని సూర్యాస్తమయాన్ని రీల్ తీసి పెడతారు. అది చూసి బెంజి సర్కిల్ నుంచి బైకులు దిగుతాయి. పునుగుల బండి చుట్టూ మూగిన జనాన్ని చూసి ఎవరో పెద్దమనిషి ఒక పాత డాబా లీజుకు తీసుకుంటాడు. గోడలకు కావాలనే సున్నం గీకించి, వైర్లకు పసుపు బల్బులు వేలాడదీసి కేఫ్ అంటాడు. దరిద్రానికి డిజైన్ అని పేరు పెట్టి దానికీ బిల్లు వేసే విద్య ఇది. ఏడాది తిరిగేసరికి ఆ కేఫ్ ముందు పునుగుల బండి అడ్డమైపోతుంది. బండివాడు తెచ్చిన జనమే బండివాణ్ణి న్యూసెన్స్ అంటారు. లండన్‌లో కూలీల పేటల్లోకి మధ్యతరగతి దిగి పాతవాళ్లను వెళ్లగొట్టడం చూసి రూత్ గ్లాస్ అనే సామాజికవేత్త 1964లోనే దీనికి జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టారు. న్యూయార్క్ సోహోలో మూతపడ్డ ఫ్యాక్టరీల్లో చవగ్గా కాపురం పెట్టిన చిత్రకారులు, ఆ చోటుకు పేరు తెచ్చిపెట్టాక అక్కడి అద్దెలకు తాళలేకపోయారు. అంటే ఇది మన పాలకులకు తెలియకుండా ముంచుకొచ్చిన విపత్తు కాదు. అరవై ఏళ్లుగా పుస్తకాల్లో ఉన్న పాఠం.

ఊరు బాగుపడొద్దా, పేదలు ఎప్పటికీ మురికిలోనే ఉండాలా, సొంత ఇంటిని ఏం చేసుకోవాలో యజమాని ఇష్టం కాదా అని అడిగేవాళ్లున్నారు. బాగుపడాల్సిందే. నది ఒడ్డున పార్కు వద్దని ఎవరూ అనలేదు. కానీ లండన్‌కూ మనకూ ఒక తేడా ఉంది. కృష్ణలంకలో ధర పెంచింది కుర్రాళ్ల రీల్స్ కాదు, సర్కారు గోడ. అందరి పన్నులతో కట్టిన గోడ తెచ్చిన లాభం అంతా బిల్డరు, స్థలం యజమాని పంచుకుంటారు. నడుంలోతు నీళ్లలో బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని నడిచిన అద్దెకున్నవాడికి మాత్రం నెల గడువు. గోడ కట్టింది వాడి పేరు చెప్పి కాదా?

అసలు రెండు నాలుకల ధోరణి నది ఒడ్డు విషయంలోనే బయటపడుతుంది. కట్ట దిగువన గుడిసె వేసుకున్నవాడు పట్టా అడిగితే అది అభ్యంతరకర స్థలం, నది పోరంబోకు, క్రమబద్ధీకరణ కుదరదని ఫైలు మూస్తారు. అదే ఒడ్డున టైల్స్ వేసి లైట్లు పెడితే సుందరీకరణ. అవతలి ఒడ్డున కరకట్ట పక్కన ఎవరెవరి గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయో, వాటికి ఎన్ని నోటీసులు వెళ్లాయో ఇక్కడ చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. 2019 జూన్‌లో అదే కరకట్ట పక్కన ప్రజావేదిక అనే సర్కారు సమావేశ మందిరాన్ని కూల్చిన రాత్రి అందరికీ గుర్తుంది. మిగతా నోటీసుల కథ ఎందాకా వచ్చిందని అడిగే నాథుడే లేడు. నది చట్టం గుడిసెకు ఒకలా, గెస్ట్‌హౌస్‌కు ఒకలా చదవడానికి వీల్లేదు.

ఇదివరకు లేపినవాళ్ల గతి ఏమైందో కూడా చూడాలి. కాలువ గట్ల మీద నుంచి తరలించిన కుటుంబాలకు సింగ్‌నగర్ వాంబే కాలనీలో చోటు చూపించారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ముంచింది ఆ కాలనీనే. కాలువ గట్టు ప్రమాదమని లేపి బుడమేరు దారిలో కూర్చోబెట్టారు. రేపు కృష్ణలంక నుంచి పోయేవాళ్లు మాత్రం ఎక్కడ తేలతారు? ఊళ్లో మిట్ట మీద ఉన్న చోటు వాళ్లకు అందదు. అద్దె తక్కువ ఉండేది ముంపు ఉన్నచోటే.

అందుకే ఇది ఒక్క కృష్ణలంక గొడవ కాదు. బుడమేరుకు గట్లు బలపరుస్తామని అంటున్నారు. మంచిదే, త్వరగా చేయండి. కానీ కృష్ణలంకలో ఇప్పుడు పడుతున్న ఒరవడే అక్కడా సాగితే, గట్టు గట్టిపడ్డ మర్నాడే సింగ్‌నగర్‌లో అద్దెలు లేస్తాయి. బుడమేరు వరదలో పడవల మీద పాలపొట్లాలు అందుకున్నవాళ్లు ఇంకో ముంపు కాలనీ వెతుక్కుంటారు. ఆ తర్వాత మొగల్రాజపురం, గుణదల కొండలు. మెట్లూ రోడ్డూ సరిగా పడితే కొండ మీది ఇల్లు కూడా హిల్ వ్యూ అవుతుంది. అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాక ఈ ఊళ్లో అద్దె ఇల్లు వెతికినవాళ్లకు మేం కొత్తగా చెప్పాల్సింది లేదు. సౌకర్యం వచ్చిన ప్రతిచోటా పేదవాడు పోవాలంటే, పేదల పేరు చెప్పి సౌకర్యాలకు నిధులు అడగడం మానుకోండి.

చేతిలో చట్టాలు లేక కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయ్యేదాకా ఒక్క బండినీ కదపకూడదు. ఈ వ్యాపారాల సంగతి చూసే వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి. గోడ పక్క రోడ్డులో బండి తీయమనడానికి వచ్చేవాళ్ల జేబులో ఆ చట్టం ఎప్పుడూ కనపడదు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంటుంది. ఈ ఊళ్లో ఏ ఇంటి ముందు టులెట్ బోర్డు చూసి వెళ్లినా ఆ లెక్క ఎంత చక్కగా అమలవుతోందో తెలుస్తుంది. గోడ వల్ల విలువ పెరిగిన వీధుల్లో కొత్త ప్లాన్లు మంజూరు చేసేటప్పుడు పాత అద్దెదారులకు ఆ పేటలోనే చోటు చూపాలని షరతు పెట్టడం కార్పొరేషన్‌కు, ప్రభుత్వానికి చేతకాని పనా? ముందు లెక్క తీయండి. కట్ట పొడవునా ఎన్ని కుటుంబాలు అద్దెకున్నాయి, ఎందరు ఖాళీ చేశారు, ఎక్కడికి పోయారు. ఇంటి పన్నుకు మీటరు టేపు పట్టుకుని తిరిగే సిబ్బందికి ఇది పెద్ద పనేం కాదు.

గోడ మీద రేపు బొమ్మలు కూడా వేస్తారు. వల విసిరే జాలరి, తట్ట మోసే కూలీ, బుట్టలో పూలమ్మే అవ్వ. వాటి ముందు నిలబడి జనం సెల్ఫీలు దిగుతారు. ఆ జాలరీ, ఆ కూలీ అప్పటికి నున్న అవతల ఎక్కడో ఉంటారు.

వరదొచ్చిన ప్రతిసారీ పడవెక్కి ఈ సందుల్లోకి వచ్చిన నాయకులున్నారు. మోకాళ్ల దాకా ప్యాంట్లు మడిచి, లైఫ్ జాకెట్లు వేసుకుని ఫొటోలు దిగారు. ఏ ఇల్లు ఎక్కడో వాళ్లకు తెలుసు. ఇప్పుడు నీళ్లు లేవు, పడవ అక్కర్లేదు. నడిచే రావచ్చు.