ఇరవై దాటినా అద్దం ముందే

కొడుకో కూతురో అద్దం ముందు నిలబడి పొట్ట లోపలికి పీల్చుకుంటుంటే మన ఇళ్లలో ఒకటే మాట: "ఆ వయసు అలాంటిది, రెండేళ్లు పోతే అదే సర్దుకుంటుంది." సర్దుకోదండీ. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు 1998-99లో మొదలుపెట్టి బడిపిల్లల్ని పదేళ్ల పాటు గమనిస్తే, తమ ఒంటి మీద అసంతృప్తి హైస్కూలు చివరికి పెరిగింది, ఇరవైల్లోకి వచ్చేసరికి ఇంకా పెరిగింది, అబ్బాయిల్లోనూ అంతే.

ఈడొచ్చాక ఆడపిల్లకి తుంటి దగ్గర, తొడల దగ్గర కొవ్వు చేరడం మామూలే, కానీ సన్నగా ఉంటేనే అందం అనే చోట ఆ పిల్లకి తన ఒళ్లే ఎదురు తిరిగినట్టుంటుంది. అబ్బాయికి అదే వయసులో భుజాలొస్తాయి కాబట్టి వాడికి కొంత నయం, ఆలస్యంగా ఎదిగినవాడైతే మాత్రం "బక్కోడు" అనిపించుకుంటూ బతకాలి.

మన దగ్గర దీనికి ఇంటర్ తోడవుతుంది. రెండేళ్లు పొద్దున లేచింది మొదలు రాత్రి స్టడీ అవర్ దాకా కూర్చోవడమే, ఆటల్లేవు, ఒళ్లు ఎలా ఉందో చూసుకునే తీరిక కూడా ఉండదు. బీటెక్ ఫస్టియర్‌లో యూనిఫాం పోయి ఫ్రెషర్స్ పార్టీ ఫొటోలు వచ్చాక మొదలవుతుంది అసలు టెన్షన్.

తప్పంతా ఫోన్‌దే అంటే నేను ఒప్పుకోను. ఒంటి గురించి బాధలో ఉన్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ దాన్ని ఇంకా పెంచిందని 32 శాతం టీనేజీ అమ్మాయిలు చెప్పినట్టు ఆ కంపెనీ సొంత పరిశోధనలోనే ఉందని 2021లో బయటపడింది, నిజమే. అయితే ఆ బాధ ముందు పెట్టింది ఎవరు? ఫంక్షన్‌లో జబ్బ పట్టుకుని "ఏందే, గింత దొడ్డుగైనవ్" అన్న మేనత్త కాదూ? (సన్నగా ఉంటే "హాస్టల్ల తిండి పెడ్తలేరా" అనేదీ ఆవిడే.)

అబ్బాయిల సంగతి అమీర్‌పేట హాస్టళ్లలో చూడాలి, మంచం కింద బట్టల పెట్టె పక్కనే ప్రోటీన్ డబ్బా. కండల కోసం ఆ పొడులు వద్దని 2024లో చెప్పిన జాతీయ పోషకాహార సంస్థ అక్కణ్నుంచి మెట్రో మారకుండా వెళ్లే తార్నాకలోనే ఉంది, వినేదెవరు!

మొన్న మా అక్క కూతురితో దిల్‌సుఖ్‌నగర్‌లో టైలర్ దగ్గరికెళ్లాను. ఇరవై రెండేళ్లు, ఉద్యోగం చేస్తోంది. ఆయన కొలతలు గట్టిగా చదువుతుంటే కుర్రాడు రాసుకుంటున్నాడు, నడుము అంకె వినగానే ఇది చుట్టూ చూసింది, ఎవరైనా విన్నారేమోనని.

"టైటుగానే కుట్టు అన్నా, పెళ్లి టైముకి తగ్గుతా."

"లోపల రెండించులు వదుల్తున్న లేమ్మా," అన్నాడాయన టేపు మెడలో వేసుకుంటూ, "అందరూ గిట్లనే అంటరు."