పూతరేకుల్లో ఏమీ కలపలేదండీ

నాకు పెళ్లి కాలేదు. అయినా ముగ్గురు కోడళ్లని ఇంట్లోంచి గెంటేశాను. నాలుగో కోడలి పాయసంలో విషం కలిపాను. భర్త గోదావరిలో పడిపోతే, శవం దొరక్కపోయినా సరే, హాల్లో ఫొటో పెట్టించి దండ వేశాను. ఇవన్నీ వారానికి ఆరు రోజులు, రాత్రి ఏడున్నరకి, మీరు కంచాల ముందు కూర్చునే వేళకే చేస్తున్నాను. సీరియల్ పేరు చెప్పను. చెబితే ఛానల్ వాళ్లు ఊరుకోరు. చెప్పకపోయినా మీ ఇంట్లో పెద్దవాళ్లు ఈపాటికి కనిపెట్టేసి ఉంటారు.

మాది నర్సాపురం. మా అమ్మ లేసు అల్లేది. నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని నేను పేపర్ చదివి వినిపిస్తే, "ఇప్పుడు గుర్తొచ్చిందా, నా కళ్లు మసకబారాక" అంది. నేను హైదరాబాద్ బస్సెక్కింది ఈటీవీ, జెమినీ కొత్తగా వచ్చిన రోజుల్లో, అంటే 1995 దాటాక. దూరదర్శన్ ఒక్కటే ఉన్నప్పుడు వారానికో భాగం, పదమూడు వారాలకి కథ కంచికి, మనం ఇంటికి. డైలీ సీరియళ్లు వచ్చాక కథకి కంచి దారే తెలియకుండా పోయింది. మా కడుపులు నిండుతున్నది కూడా అందువల్లే కాబట్టి ఎక్కువ మాట్లాడను.

మొదట హీరోయిన్ పక్కన స్నేహితురాల్ని. పనల్లా "ఏంటే, అంత సిగ్గు పడుతున్నావ్?" అని భుజంతో పొడవడం. తర్వాత వదినని. ముప్పై దాటీ దాటకుండానే అమ్మనయ్యాను. నా కొడుకుగా వేసినాయన నాకంటే రెండేళ్లు పెద్ద. షాట్‌లో "అమ్మా" అని కాళ్ల మీద పడేవాడు, షాట్ అవగానే మోకాళ్లు పట్టేశాయని నేనే లేపాల్సొచ్చేది. అమ్మ వేషంలో దేవుడి గదిలో నిలబడి ఏడవడం తప్ప ఏమీ ఉండదు. గ్లిజరిన్ పెట్టుకుని పెట్టుకుని కళ్లు మండిపోయి, ఒకరోజు మేనేజర్‌ని పట్టుకుని, ఏడ్చే వేషాలు చాలు, ఏడిపించే వేషం ఉంటే చూడండి బాబూ అన్నాను. చూశారు. అప్పట్నుంచి ఏడిపిస్తూనే ఉన్నాను. డబ్బులు కూడా పెంచారు.

ఒక్కటే చిక్కొచ్చింది. బెంగళూరు నుంచి వచ్చే హీరోయిన్లకి తెలుగు రాదు కాబట్టి వేరేవాళ్లు డబ్బింగ్ చెబుతారు. నాకు తెలుగు మరీ ఎక్కువైందని డబ్బింగ్ చెప్పించారు. "మేడమ్, మీరు ఆస్తి రాసివ్వమని బెదిరిస్తుంటే భోజనానికి పిలుస్తున్నట్టుంది" అన్నాడు డైరెక్టర్. గోదావరి యాసలో అండీ లేకుండా బెదిరించడం ఎవరివల్లా కాదు, నేను ప్రయత్నించి చూశాను.

నిజం చెప్పాలంటే ఆ డబ్బింగ్ వల్లే బజార్లో తలెత్తుకు తిరుగుతున్నాను. ముఖం చూసి ఎవరికైనా అనుమానం వస్తే నోరు తెరిచి రెండు ముక్కలు మాట్లాడతాను. "అబ్బే, ఆవిడ కాదే, గొంతు వేరు" అని వదిలేస్తారు.

మొన్న మాఘమాసంలో మా అన్నయ్య కూతురి పెళ్లి, మలికిపురం దగ్గర. నర్సాపురం నుంచి అక్కడికి రెండు దారులు. పాలకొల్లు మీదుగా చుట్టు తిరిగి చించినాడ వంతెన దాటి దిండిలో దిగడం ఒకటి. మాధవాయిపాలెం రేవులో పంటెక్కి, వశిష్ఠ గోదావరి దాటి, సఖినేటిపల్లిలో దిగడం ఇంకొకటి. నేను చిన్నప్పటి నుంచీ పంటు పిల్లని. ఆత్రేయపురం నుంచి ప్రత్యేకంగా చెప్పి తెప్పించిన బెల్లం పూతరేకుల డబ్బా ఒళ్లో పెట్టుకుని, ముఖానికి మాస్కు, తల మీద కొంగు, ఓ మూల సర్దుకున్నాను. పంటు నిండా మోటారు సైకిళ్లు, రెండు ఆటోలు, కొబ్బరికాయల వ్యాను, అంతర్వేది స్వామి దర్శనానికి వెళ్లే ఆడవాళ్లు. ఎవరి గోల వాళ్లది. హాయిగా ఉంది.

అవతలి గట్టు మీద టీ బడ్డీ కనిపిస్తోందనగా అడుగున గరగరమంది. పంటు ఆగిపోయింది.

"పాటండీ. నీళ్లు సముద్రంలోకి లాగేశాయి. మేటెక్కేసింది" అన్నాడు సరంగు, ఏమీ జరగనట్టు.

"మరి ఎప్పుడు కదులుతుంది?"

"పోటొస్తే కదులుద్దండి."

"పోటెప్పుడొస్తుంది?"

"వచ్చినప్పుడొస్తదండి, ఆయ్."

పోటూ పాటూ సముద్రం చూసుకునే లెక్కలు, సరంగుని అని లాభం లేదు. అందరూ ఫోన్లు తీశారు. సిగ్నల్ కూడా పాటులోనే ఉంది. అప్పుడు చుట్టుపక్కల మనుషులని చూడటం మొదలుపెట్టారు. అక్కడే నా పని అయిపోయింది.

ఒక కుర్రాడు బండి పక్కకి జరుపుతూ దాని స్టాండు సరిగ్గా నా చీర కుచ్చిళ్ల మీద వేశాడు. టీవీలో మాలాంటి చాలామందికి చీరలూ నగలూ సొంతానివే. సంపాదించినదాంట్లో సగం మళ్లీ చీరల కొట్టుకే పోతుంది. అందుకని చీరకి ఏదైనా అయితే నాకు ప్రాణం లేచిపోతుంది. నేను ఒక్క మాట అనలేదు. ఎడమ కనుబొమ్మ పైకెత్తి, మెడ నెమ్మదిగా తిప్పి, వాడి వైపు చూశాను. అంతే. అది సీరియల్లో ఉరుము శబ్దంతో కెమెరా మూడుసార్లు ముందుకొచ్చే చూపు అని నాకు ఆ క్షణాన గుర్తు రాలేదు. నా పక్కావిడ చేతిలోని కొబ్బరికాయల సంచీ కింద పడింది.

"అమ్మ బాబోయ్! ఆవిడే!"

నేను వెంటనే గొంతు విప్పాను. "ఏవండీ, ఎవరనుకుంటున్నారండీ, నేను..." లాభం లేకపోయింది. "గొంతు మార్చి మాట్లాడుతోంది చూడు" అంది ఇంకొకావిడ. "కోడలికి ఫోన్ చేసి మార్వాడీ ఆవిడ గొంతుతో మాట్లాడలేదూ? ఆ టైపే."

మాస్కు తీసేశాను. దాచడానికి ఏమీ మిగల్లేదు. పంటు మొత్తం నా వైపు తిరిగి కూర్చుంది. సినిమావాళ్లు కనబడితే సెల్ఫీ అడుగుతారు. టీవీవాళ్లు కనబడితే సంజాయిషీ అడుగుతారు. ఇళ్లల్లోకి రోజూ వస్తాం కదా, ఆ మాత్రం చనువు ఉంటుంది.

"ఆ పిల్ల ఏం చేసిందండీ మీకు?" అంది కొబ్బరికాయలావిడ. "తెల్లారకుండానే లేచి తులసికోట దగ్గర ముగ్గేస్తది కదా!"

"లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగిపోయి పాతవే మళ్లీ వేశారు. మొదట్నుంచీ చూశామండీ" అన్నాడు ఒక రొయ్యల వ్యాపారి, చాలా బాధగా. "రెండోసారి కూడా మీరు మారలేదు."

ఓపిగ్గా చెప్పాను. కథ రాసేది నేను కాదని, ఏ రోజు ఏం చేయబోతున్నానో మేకప్ వేసుకునేదాకా నాకే తెలియదని, డైలాగు కూడా కెమెరా పక్కనుంచి ప్రాంప్టర్ చదువుతుంటే విని తిరిగి అప్పజెబుతానని.

"అంటే పక్కనుంచి ఎవరో ఎక్కిస్తున్నారన్నమాట" అంది కొబ్బరికాయలావిడ. "నేను ముందే అన్నాను, ఆ ఆడపడుచే."

గురువారం గురువారం మాకు టీఆర్పీలు వస్తాయి, కోడలు నవ్విన వారం పడిపోతుంది, కోడలు మెట్ల మీంచి దొర్లిన వారం లేస్తుంది, మీరు చూస్తున్నారు కాబట్టే మేం దొర్లిస్తున్నాం అని కూడా చెప్పాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. గెలిచాననుకున్నాను. "చూశారా, చివరికి మన మీదకే తోసేసింది. అచ్చం సీరియల్లో ఇలాగేనండీ" అన్నాడు రొయ్యలాయన.

తర్వాత సొంత విషయాల్లోకి దిగారు. ఆ మెళ్లోది బంగారమేనా, ఇల్లు సొంతమా, పిల్లలెంతమంది?

"పెళ్లి కాలేదమ్మా."

"అందుకే!" అన్నారు నలుగురు ఒక్కసారే. నా పాతికేళ్ల నటనకి ఇంత చిన్న సమీక్ష ఇంకెక్కడా రాలేదు.

స్నేహితురాలి వేషాలు వేసే రోజుల్లో పాలకొల్లు నుంచి ఒక సంబంధం వచ్చిన మాట నిజం. అబ్బాయి తల్లి సీరియళ్లు మానేయాలంది. మానేసే ముందు మా హీరోయిన్ సంతకం పెట్టిన ఫొటో ఒకటి తెచ్చివ్వమంది. నేను రెండూ చేయలేదు. ఆ తర్వాత తెర మీద పెళ్లి సీన్లు చేసీ చేసీ ఆ మోజు కూడా పోయింది. సీరియల్లో ఒక తాళి కట్టడానికి మూడు రోజులు పడుతుంది. రెండో రోజుకి పూలు వాడిపోతాయి, కంటిన్యుటీ కోసం నీళ్లు చల్లుతారు. మూడో రోజుకి తాళి కట్టే ముందు ఎవరో ఒకరు "ఆపండి!" అని వస్తారు. చాలాసార్లు ఆ వచ్చేది నేనే.

ఇదంతా పంటు జనానికి చెప్పలేదు. ఈలోపు ఒక చంటిది ఆకలని ఏడుపు అందుకుంది. మధ్యాహ్నం దాటిపోయింది, ఎవరి దగ్గరా తిండి లేదు. డబ్బా మూత తీసి ఒక పూతరేకు దాని చేతిలో పెట్టబోయాను. తల్లి పిల్లని అమాంతం వెనక్కి లాగేసుకుంది. "వద్దమ్మా! ఆంటీ ఇచ్చింది తినకూడదు!"

జనం నవ్వారు గానీ ఒక్కరూ డబ్బా వైపు చెయ్యి చాపలేదు. నేతి వాసన పంటంతా పరుచుకుంది, అందరి గొంతుల్లో గుటకలు కనబడుతున్నాయి, అయినా సరే. నాకు సూర్యకాంతం గారు గుర్తొచ్చారు. ఆవిడదీ ఈ గోదావరి గడ్డే, కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురం. గయ్యాళి అత్తంటే ఆవిడే. ఆవిడ నటన చూసి ఆడపిల్లలకి ఆ పేరు పెట్టడమే మానేశారంటారు. అలాంటావిడ ఇంటి నుంచి క్యారియర్లు తెచ్చి సెట్‌లో అందరికీ కొసరి కొసరి వడ్డిస్తే లొట్టలేసుకుని తినేవారట. అప్పటి అత్తలు నోటితోనే పని కానిచ్చేవారు, వంటలో చెయ్యి పెట్టేవారు కాదు. మా కాలానికి వచ్చేసరికి కథ నడవకపోతే పాయసంలో కలిపించడం అలవాటైంది. ఈ విషయంలో మా రచయితల మీద నాకు చాలా కోపం ఉంది.

"ముందు మీరు తినండి" అన్నాడు రొయ్యలాయన, న్యాయంగా.

తిన్నాను. మొత్తం తిన్నాను. వేళ్లు కూడా నాకాను.

"విరుగుడు ముందే తాగేసి ఉంటది" అంది కొబ్బరికాయలావిడ. "పాయసం అప్పుడూ అంతే కదా, తనూ తాగింది." దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ సీను చాలా బాగా చేశాను.

అప్పుడు వెనకాల ఆటోలోంచి ఒక తాతగారు దిగారు. పంచె, భుజాన కండువా, ఎనభై దాటి ఉంటాయి. "ఇటు తే అమ్మాయ్. నాకు షుగరుంది. విషమున్నా లేకపోయినా నాకు పెద్ద తేడా లేదు" అన్నారు. రెండు పూతరేకులు తీసుకుని తీరిగ్గా నమిలారు. అందరూ ఆయన గొంతు వైపే చూస్తున్నారు. మింగారు. తల ఊపారు. ఉన్నట్టుండి కళ్లు తేలేసి, గుండె పట్టుకుని, "అమ్మా..." అంటూ ఆటో టైరుకి చేరబడిపోయారు.

పంటు గొల్లుమంది. ఒకావిడ నరసింహస్వామిని పిలిచింది. రొయ్యలాయన బండి మీదకెక్కి ఫోన్ పైకెత్తి సిగ్నల్ వెతుకుతూ, "హలో, అంబులెన్సా అండీ! గోదాట్లోనండీ! మధ్యలోనండీ! అత్తగారండీ!" అని అరుస్తున్నాడు. నేను డబ్బా పట్టుకుని నిలబడిపోయాను. పాతికేళ్లలో ఎంతమందికో ఎన్నోసార్లు అపకారం చేశాను గానీ ఒక్కరూ నిజంగా పడిపోలేదు. కాళ్లు వణికాయి. "ఏమీ కలపలేదండీ! ఒట్టండీ!" అంటున్నాను, నా సొంత గొంతుతోనే.

తాతగారు ఒక కన్ను తెరిచారు. "జీడిపప్పు తక్కువేశారు. ఇంకోటుందా?"

తిట్లు, నవ్వులు. ఆయన లేచి పంచె దులుపుకుని అందరికీ వినబడేలా చెప్పారు. కుర్రతనంలో నాటకాల్లో ఆడవేషాలు కట్టేవారట. చంద్రమతిగా లోహితాస్యుణ్ని ఒళ్లో పెట్టుకుని ఏడిస్తే పందిరి కింద ఒక్క కన్ను పొడిగా ఉండేది కాదట. "మా ఊళ్లో ఇప్పటికీ నన్ను చంద్రమతి తాతంటారు. అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా లేదు. మా ఆవిడ కూడా అంతే పిలిచేది" అన్నారు. ఇంకా ఏదో చెప్పబోయారు గానీ అప్పటికే జనం డబ్బా మీద పడ్డారు. కొబ్బరికాయలావిడ మూడు తీసుకుని ఒకటి కొంగున కట్టుకుంది. చంటిది మూతి నిండా పంచదార... కాదు, బెల్లం పూసుకుంది. పెళ్లివారికి ఒక్కటి మిగల్లేదు.

పోటెక్కింది. పంటు తనంతట తనే కదిలింది, సరంగు మాత్రం తనే కదిపినట్టు ఈల వేశాడు.

ఖాళీ డబ్బా చూసి మా అన్నయ్య ఏమన్నాడో ఇక్కడ రాయను. రేవులో దిగేటప్పుడు మాత్రం తాతగారు నన్ను పక్కకి పిలిచారు. గొంతు తగ్గించి, "అమ్మాయ్, మీ ఆయన ఈ గోదాట్లోనే కదా పోయాడు?" అన్నారు.

"అవునండి."

"శవం దొరకలేదు కదా?"

"లేదండి."

"నేనొచ్చేస్తాను. ప్లాస్టిక్ సర్జరీ అంటే చాలు, జనం సర్దుకుపోతారు. ఇన్నేళ్లు నీళ్లల్లో ఉన్నాడు కాబట్టి ముడతలు పడ్డాయనుకుంటారు."

తర్వాతి షెడ్యూల్‌లో ఈ మాట సెట్ మీద నవ్వుతూ చెప్పాను. అందరూ నవ్వారు, డైరెక్టర్ ఒక్కడూ నవ్వలేదు. పక్కనున్న రైటర్‌తో ఏదో గుసగుసలాడి, "ఆయన రోజుకెంత అడుగుతాడో కనుక్కోండి మేడమ్" అన్నాడు.

"యాస ఉందండీ ఆయనకి. నాకంటే ఎక్కువ" అన్నాను.

"ఉండనివ్వండి. గోదాట్లో దొరికిన మనిషి కదా, లాజిక్ సరిపోతుంది. డబ్బింగ్ ఖర్చు కూడా మిగులుతుంది."