చెదలు తిన్న అంకె

మా ఊరి బాల్ బ్యాడ్మింటన్ క్లబ్బుకి ఒక రాజ్యాంగం ఉంది. నవ్వకండి. ఫూల్‌స్కేప్ కాగితాల మీద టైపు కొట్టించి, పచ్చ ట్యాగుతో కుట్టి, రిజిస్ట్రారు ముద్ర వేయించిన పదకొండు పేజీల బైలా అది. 1974 నాటిది. ఆఫీసు గది బీరువాలో, మేము ఆడే ఉన్ని బంతుల డబ్బా కింద ఉంటుంది. ఇన్నేళ్లలో దాన్ని శ్రద్ధగా చదివినవి చెదపురుగులే. అవి కూడా మొత్తం తినలేకపోయాయి, అక్కడక్కడా రుచి చూసి వదిలేశాయి. రుచి చూసినవాటిలో ముఖ్యమైనది ఏడో క్లాజు. ‘అధ్యక్షుని పదవీకాలము’ అని ఉంటుంది, తర్వాత ఒక కన్నం, కన్నం అవతల ‘సంవత్సరములు’. ఆ కన్నంలో ఏ అంకె ఉండేదో తెలిసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. మా ప్రెసిడెంటు గారు 1998లో కుర్చీ ఎక్కారు. ఆ కన్నంలో ఎన్ని సంవత్సరాలు పడతాయో ఇంకా కొలుస్తూనే ఉన్నారు.

ఇంత నిలకడైన వ్యవస్థ మీద 2025 ఆగస్టులో పిడుగు పడింది. పేరు జాతీయ క్రీడా పరిపాలన చట్టం. 11న లోక్‌సభ, 12న రాజ్యసభ, 18న రాష్ట్రపతి ఆమోదం. వారంలో దేశానికి చట్టం చేసేశారు. మాకు నెట్టు మార్చుకోవడానికి రెండు వర్షాకాలాలు పట్టింది. అది జాతీయ సమాఖ్యల కోసం చేసిన చట్టమనీ, ఉన్ని బంతికి అంత వివరం అక్కర్లేదనీ మా సభ్యుడైన ప్లీడరు గారు చెప్పి చూశారు. సెక్రటరీ గారు వినలేదు. “ఢిల్లీ మారితే రాష్ట్రం మారాలి, రాష్ట్రం మారితే జిల్లా మారాలి, జిల్లా మారితే మనం మారొద్దూ? రేపు అఫిలియేషన్ పోతే మనకి కప్పు ఎవడిస్తాడండీ?” అన్నారు. ఇప్పుడు మాత్రం ఎవడిస్తున్నాడని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

ముగ్గురితో సబ్ కమిటీ వేశారు. చట్టం కోసం ప్లీడరు గారు, వ్యాకరణం కోసం రిటైర్డ్ హెడ్మాస్టారు, ల్యాప్‌టాప్ ఉన్న పాపానికి నేను.

ముందు మేము ఏ చట్టం కింద పుట్టామో తేలాలి కదా. మొదటి పేజీలో 1860 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం అని ఉంది. సిపాయిల తిరుగుబాటు అయిన మూడేళ్లకి తెల్లదొరలు చేసింది. బాల్ బ్యాడ్మింటన్‌ని తంజావూరు రాజకుటుంబం 1856లోనే ఆడిందంటారు కాబట్టి ఆటకీ చట్టానికీ ఈడూ జోడూ బాగానే కుదిరింది. చిక్కల్లా ఏమిటంటే, ఆ చట్టం సాహిత్య, శాస్త్రీయ, ధార్మిక సంఘాల కోసం చేసింది. మరి మనం ఎలా వస్తామని కుర్ర ట్రెజరర్ అడిగాడు. హెడ్మాస్టారు కళ్లజోడు తుడుచుకుని వివరించారు: “బంతి గీత లోపల పడిందా బయట పడిందా అన్న చర్చ శాస్త్రీయం. ఆ చర్చలో వాడే భాష సాహిత్యం. చివరికి ‘పోనీలే, తీసుకో’ అని పాయింటు వదిలేస్తామే, అదీ ధర్మం.”

ఆ చట్టం స్థానంలో ఉమ్మడి రాష్ట్రం 2001లోనే సొంతంగా 35వ నంబరు చట్టం తెచ్చుకుందన్న వార్త మాకు 24 ఏళ్లు ఆలస్యంగా చేరింది. తెలంగాణ జిల్లాల్లో అంతకుముందు నిజాం నాటి 1350 ఫసలీ చట్టం నడిచేది. ఫసలీ అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క, 1350 అంటే మనకి 1940 ప్రాంతం. మా వియ్యంకుడిది కరీంనగర్. వాళ్ల క్లబ్బు కాగితం మీద ఉన్న ఆ 1350 చూపించి, శ్రీకృష్ణదేవరాయల కంటే ముందే మా వాళ్లు రాకెట్ పట్టారని ఆయన ఇప్పటికీ పెళ్లిళ్లలో చెబుతుంటాడు.

ఇక ఢిల్లీ వాళ్ల కొత్త చట్టం. అది కార్యవర్గాన్ని పదిహేను మందికి మించనివ్వదు. మా సభ్యులు ముప్ఫై రెండు మంది, అందులో కార్యవర్గం ఇరవై మూడు. ఉపాధ్యక్షులే తొమ్మిది మంది. ఒక్కో ఉపాధ్యక్ష పదవి వెనకా ఒక్కో తగాదా, దాని రాజీ ఉన్నాయి. అందులో ఏది తీసేసినా పాత తగాదా మళ్లీ లేస్తుంది. ఎనిమిది మందిని ‘ప్రత్యేక ఆహ్వానితులు’ చేద్దామని సెక్రటరీ గారు దారి చూపారు. 2021లో తిరుమల బోర్డుకి యాభై మంది ప్రత్యేక ఆహ్వానితుల్ని వేస్తే హైకోర్టు ఆపిందని ప్లీడరు గారు గుర్తు చేశారు. “అక్కడ దర్శనం టిక్కెట్లున్నాయి కాబట్టి ఆపారు, ఇక్కడ టీ ఒక్కటే కదండీ” అన్నారు సెక్రటరీ గారు. తీర్మానం నెగ్గింది.

తర్వాత వయసు. డెబ్భై దాటితే పోటీ చేయకూడదు. అంతర్జాతీయ సమాఖ్య నియమాలు ఒప్పుకుంటే మాత్రం డెబ్భై అయిదు దాకా చేయొచ్చు. ప్రెసిడెంటు గారికి డెబ్భై మూడు. అంతర్జాతీయ స్థాయిలో అభ్యంతరం లేదని డల్లాస్‌లో ఉన్న ఆయన అల్లుడు గారు అదే రాత్రి వాట్సాప్‌లో ఆమోదం పంపారు. ఇక వరసగా మూడు విడతలు, అంటే పన్నెండేళ్లు చేసినవాళ్లు ఓసారి విరామం తీసుకోవాలి. దీన్నే కూలింగ్ పీరియడ్ అంటారు. 2018లో బీసీసీఐకి సుప్రీంకోర్టు ఇలాంటిదే పెట్టి, 2022లో తనే సడలించింది. అంత పెద్దవాళ్లకే తట్టుకోలేనంత చల్లగా ఉంటే మాలాంటివాళ్లు ఏమైపోవాలి? అందుకని ప్రెసిడెంటు గారు విరామ కాలంలో ‘వ్యవస్థాపక మార్గదర్శి’గా అదే కుర్చీలో కూర్చుని విశ్రాంతి తీసుకుంటారని రాసుకున్నాం.

విశిష్ట ప్రతిభ గల క్రీడాకారులు ఇద్దరు ఉండాలన్నది సులువుగానే తెమిలింది. ఒకాయన స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం సంపాదించి, ఆర్డరు చేతికొచ్చిన రోజు నుంచి రాకెట్ ముట్టుకోలేదు. రెండో ఆయన ఈ జన్మలో ఓడిపోలేదు. ఎప్పుడూ అంపైరు కుర్చీలోనే ఉంటారు.

సమాచార హక్కు భయం కూడా లేదు. ప్రభుత్వ సొమ్ము తీసుకునే సంస్థలకే అది వర్తిస్తుందని బిల్లును సవరించాకే కదా బీసీసీఐ ఊపిరి పీల్చుకుంది! మేమూ పీల్చుకున్నాం. మాకు పైసా గ్రాంటు లేదు. స్థలం మునిసిపాలిటీది, నీళ్లు మునిసిపాలిటీవి, లైట్లు వీధి స్తంభం నుంచి. అంతే.

మిగిలింది మహిళలు. కార్యవర్గంలో నలుగురైనా ఉండాలి. మా బైలాలో స్త్రీల ప్రస్తావన ఒకే చోట ఉంది, ‘వార్షికోత్సవమునాడు స్త్రీలకు ప్రత్యేక ఆసనములు వేయవలెను’ అని. సరే, ఇంకో నలుగుర్ని కూడా ప్రత్యేక ఆహ్వానితుల్లోకి జరిపాక, ప్రెసిడెంటు గారి భార్య, సెక్రటరీ గారి భార్య, ఇద్దరు ఉపాధ్యక్షుల భార్యలు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఆ సంగతి వాళ్లకి తప్ప ఊరందరికీ తెలుసు. ఆధార్ జిరాక్సులు భర్తల దగ్గర ఉండనే ఉన్నాయి. సంతకాలు కుక్కరు మూడో కూతకీ నాలుగో కూతకీ మధ్య, గ్యాసు కాగితమని చెప్పి పెట్టించారు.

అంతా పద్ధతిగా జరగాలని ప్లీడరు గారు పట్టుబట్టకపోతే బాగుండేది. ఆయన మాట మీద సర్వసభ్య సమావేశం నోటీసులు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లాయి.

ఆదివారం పొద్దున ఆరింటికి బ్యాడ్మింటన్ కోర్టు పక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. గేటు తీసుకుని సెక్రటరీ గారి భార్య వచ్చారు. రిటైర్డ్ లెక్కల టీచరు. చేతిలో నోటీసు, పెన్సిలు.

“నువ్వెందుకొచ్చావే?” అన్నారు సెక్రటరీ గారు.

“మినిట్స్ రాస్తున్నానండీ,” అన్నారు హెడ్మాస్టారు, “కార్యవర్గ సభ్యురాలిని గౌరవంగా సంబోధించాలి.”

“మీరెందుకొచ్చారండీ?”

“మీరే కదా రిజిస్టర్డ్ పోస్టులో రమ్మన్నారు,” అని ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మూడో అంశం జమాఖర్చులన్నారు, పద్దు పుస్తకం ఏదని అడిగారు. ఆడిటరు దగ్గరుందన్నారు ట్రెజరరు. అయితే ఈలోగా బైలా ఇవ్వమన్నారు. అట్టకి అంటిన చెదమట్టిని పమిట చెంగుతో దులిపి, పేజీలు తిప్పుతూ ఏడో క్లాజు దగ్గర ఆగారు. ఆ కాగితాన్ని ఎత్తి వెలుతురుకి పెట్టి కన్నంలోంచి చూశారు. అటువైపు ప్రెసిడెంటు గారు కనబడి ఉంటారు.

“ఇది కార్బన్ కాపీ కదండీ,” అన్నారు. “అసలుది రిజిస్ట్రారు ఆఫీసులో దాఖలు చేసే ఉంటారు. ఫీజు కడితే నకలిస్తారు.”

ఎవరూ మాట్లాడలేదు. 27 ఏళ్లుగా ప్లీడరుతో సహా ముప్ఫై రెండు మందిమి ఆ కన్నం చుట్టూ తిరిగాం. కొత్త చట్టమొచ్చాక పాత అంకెతో పనేముందమ్మా అని ప్రెసిడెంటు గారు నెమ్మదిగా అన్నారు. హెడ్మాస్టారు పెన్ను ఆపి, ఇది మినిట్స్‌లో రాయాలా వద్దా అన్నట్టు అందరి మొహాలూ చూశారు.

“రాయండి మాస్టారూ,” అన్నారు ఆవిడ. “అంకె వేయాల్సిన చోట మాత్రం కాస్త ఖాళీ వదలండి.”