కత్తిపీట సాక్ష్యం

కొన్న ఏడో నెలకే మా ఫ్రిజ్ తలుపు అడుగున తుప్పు మొలిచింది. "విశాఖపట్నం కదండీ, సముద్రపు గాలి. అది వారంటీలోకి రాదు" అన్నారు కంపెనీవారు. అమ్మేటప్పుడు మాత్రం మా ఊళ్లో సముద్రం ఉన్నట్టు వాళ్లకు గుర్తులేదు కాబోలు. ఒళ్లు మండి వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా మనం ఉండే చోటే వేసుకోవచ్చు. దరఖాస్తు పెట్టుకుంటే వీడియోలో విచారణ జరిపే వీలు కూడా ఉంది. ఎంవీపీ కాలనీ నుంచి ఆటో ఖర్చు మిగులుతుందని అదీ పెట్టుకున్నాను. నా కొంప ముంచింది ఆ ఆటో ఖర్చే.

విచారణ రోజున నా ధ్యాసంతా చొక్కా మీదే. 2020 ఏప్రిల్‌లో రాజస్థాన్ హైకోర్టు వీడియో విచారణలో ఒక న్యాయవాది బనియనుతో కనిపిస్తే బెయిలు కేసు వాయిదా పడింది. ఆ వార్త చదివిన భయంతో, పెళ్లిళ్లకు మాత్రమే తీసే తెల్ల చొక్కాకు గంజి పెట్టించి తొడుక్కున్నాను. ఫోనును కందిపప్పు డబ్బాకు ఆనించి చూసుకుంటే తెర నిండా నా నుదురు, దానిపైన సీలింగు ఫ్యాను. చొక్కా గుండీ ఒక్కటి కనబడితే ఒట్టు.

కంపెనీ వకీలు గారు పది నిమిషాలు మాట్లాడి, తెర మీద ఏదో ఫొటో పెట్టారు. నా ఫోనులో అది తపాలా బిళ్లంత ఉంది. అందులో కనిపిస్తున్నది తుప్పో, నా వేలిముద్రో తేలలేదు. తరువాత నా వంతు. రెండు రోజులు బట్టీపట్టిన వాదన గుక్క తిప్పుకోకుండా వినిపించాను. "జవాబివ్వడానికి చట్టం వారికి 30 రోజులిచ్చింది, చాలక మరో 15 రోజులు అడిగి తీసుకున్నారు" అన్నచోట గొంతు కాస్త వణికించాను కూడా. కమిషన్ అధ్యక్షులవారు కన్నార్పకుండా నన్నే చూస్తున్నారు. కేసు గెలిచేశాననుకున్నాను.

"మీ మైకు ఆపేసి ఉందండీ" అన్నాడు బెంచి క్లర్కు.

కంగారులో ఎక్కడ నొక్కానో, మైకు తెరుచుకుంది, ఫోను బోర్లా పడింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో చేపలావిడ గంప దించింది. కోనం చేప తొమ్మిది వందలంటోంది.

"ఇంతకీ ఫిర్యాది ఎంత కోరుతున్నారు?" అని ఫోనులోంచి అధ్యక్షులవారు.

"ఏడు వందలు. ఆపైన పైసా ఇవ్వను" అంది మా ఆవిడ.

"ఏడు వందలకైతే మా కంపెనీ ఇప్పుడే రాజీకి సిద్ధమండీ" అన్నారు వకీలు గారు, ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా.

నేను ఫోను మీద పడి, అది చేపల ధర మొర్రో అని మొత్తుకున్నాను. చేపలావిడ గుమ్మంలోంచే విషయం కనుక్కుని, "సముద్రపు గాలికి ఏడు నెలల్లో తుప్పా? నా కత్తిపీట ఎనిమిదేళ్లుగా ఉప్పునీళ్లలోనే ఉంది బాబూ, చూడమనండి" అంటూ దాన్ని కెమెరా ముందు పెట్టింది. నేను రెండు రోజులు బట్టీపట్టిన వాదనలో ఇంత బలమైన ముక్క ఒక్కటి లేదు.

అధ్యక్షులవారు నవ్వు ఆపుకున్నారు. ఆవిడ కక్షిదారు కాదు, అఫిడవిట్ లేదు, వకీలు గారికి ఆవిడను ప్రశ్నించే అవకాశం ఇవ్వనిదే ఆ మాట రికార్డుకెక్కదన్నారు. నా మొహం వాడిపోయింది. వెంటనే వకీలు గారి వైపు తిరిగి, ఫిర్యాదికి కనబడని ఫొటో కూడా అంతే, ముందు దాని ప్రతి ఆయనకు పంపండి అన్నారు. ఆ సంగతి అడగాలని నాకు తట్టనైనా లేదు. నా వాదన మొదటినుంచి మళ్లీ వింటామని, ఈసారి స్వయంగా రమ్మని వచ్చే గురువారానికి వాయిదా వేశారు.

"గురువారమా? అయితే నేనూ వస్తాను బాబూ, ఆ రోజు ఎలాగూ నీచు ఎవరూ కొనరు" అంది చేపలావిడ గంప ఎత్తుకుంటూ. "కత్తిపీట కూడా తేనా?"